అడుగు లేని మడి

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. గనుల్లో పని అంటే బొగ్గు తవ్వుతాడనుకున్నారు. అగ్రికల్చర్ చదివాడంటే ఎరువుల కొట్టు పెట్టుకోవచ్చుగా అన్నారు. మా మేనమామ అయితే ఏ పెళ్ళిలో కనిపించినా నలుగురి ముందూ ఒకటే పాట. "వాళ్ళు తవ్వుతరు, వీడు పూడుస్తడు. ఇద్దరికీ జీతాలే. అసలు తవ్వకుంటనే ఉంటె రెండు జీతాలు మిగిలేటియి గద!" రిటైరయ్యాక ఆలోచిస్తే, ఆయన మాటలో పెద్ద తప్పేమీ కనిపించడం లేదు.

పని మాత్రం అదే. భూమిని పైనుంచి తవ్వి బొగ్గో రాయో తీసుకున్నాక, ఆ గుంతను పూడ్చి, మళ్ళీ సేద్యానికి పనికొచ్చేలా చేసి, రైతుకు అప్పగించడం. ఎక్కువ కాలం గోదావరి వైపు బొగ్గు ఓపెన్‌కాస్టుల్లో చేశాను. చివరి ఎనిమిదేళ్ళు మఠంపల్లి దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో. సొంతిల్లు మిర్యాలగూడలో ఉన్నా, ఆ ఎనిమిదేళ్ళూ కోదాడలో ఒక కిరాయి గదిలోనే గడిపాను.

ఈమధ్య దామరచర్ల వైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైనది. "సార్, మీ దగ్గర చెక్‌లిస్టు ఉంటుందట కదా, ఇవ్వండి" అని అడిగింది. ఉండేది. దాన్ని నమ్మే నేను సైదమ్మ అనే రైతు పొలం పాడుచేశాను. అందుకని చెక్‌లిస్టుకు బదులు ఇది రాస్తున్నాను.

కుప్ప మీద భోజనం

నా మొదటి బాస్ ఈశ్వరయ్య గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కిందివాళ్ళను తిట్టేటప్పుడు ఎవరున్నారో చూసుకునేవాడు కాదు. పైవాళ్ళను తిట్టేటప్పుడూ అంతే. అందుకే ఆయన ఎక్కడా నాలుగేళ్ళకు మించి ఉండలేదు.

గని తవ్వే ముందు పైనున్న మూరెడు మంచి మట్టిని గీసి విడిగా కుప్ప పోస్తారు. గుంత పూడ్చాక దాన్నే మళ్ళీ పైన పరుస్తారు. మొదటి ఏడాదే ఆ కుప్పల బాధ్యత నాకిచ్చారు. డంపర్ డ్రైవర్లు వచ్చి, "జాగ లేదు సార్, మీదికి పోసుకుంట పోదాం" అన్నారు. సరే అన్నాను. కుప్ప రెండంతస్తుల మేడంత లేచింది. మూడు వానాకాలాలు గడిచాక తెరిస్తే, లోపలి మట్టి నీలం తిరిగి మోరీ కంపు కొట్టింది.

ఈశ్వరయ్య గారు వచ్చి చూశాడు. డ్రైవర్ని పంపి ఇద్దరి క్యారియర్లూ అక్కడికే తెప్పించాడు. "కూసో. ఈడనే తిందాం" అన్నాడు. ఆ కంపు మధ్య నాకు ఒక్క ముద్ద దిగలేదు. ఆయన మాత్రం పప్పన్నం, పెరుగన్నం తీరిగ్గా కానిచ్చి, చెయ్యి కడుక్కుని అప్పుడన్నాడు: "నీకు గాలాడక ముద్ద దిగుతలేదు. మూడేండ్లు గాలాడకుంట బొందవెట్టినవ్ మట్టిని. ఇప్పుడు పంట ఇయ్యమంటె ఎట్లిస్తది?"

ఆ తర్వాత ఏ గనిలోనైనా సరే, నిలువెత్తుకు మించి మట్టి కుప్ప పోయనివ్వలేదు. పోశారంటే వెళ్ళి దానిమీద కూర్చునేవాణ్ణి. ఈ పనిలో మొండితనం చదువు కంటే ఎక్కువ పనికొస్తుంది.

పచ్చదనం సంగతి కూడా ఆయనే చెప్పాడు. పైనుంచి అధికారులు వస్తున్నారంటే నెల ముందు ఏదో ఒక విత్తనం చల్లి నేలను పచ్చగా చేయించడం అన్ని గనుల్లోనూ ఉన్నదే. ఫొటోలు బాగా వస్తాయి. జామాయిల్ మొక్కలు నాటి అడవి తెచ్చామనడం ఇంకొకటి. "పచ్చగున్నదంత పంట గాదు రా" అనేవాడు ఈశ్వరయ్య గారు. విన్నాను. ఎంత మరిచిపోయానో ముందు ముందు చెబుతాను.

చువ్వ

ఆయన బదిలీ మీద వెళ్ళిపోతూ నాకొక ఇనుప చువ్వ ఇచ్చాడు. నడుము ఎత్తు ఉంటుంది. కింద మొన, పైన పట్టుకోవడానికి అడ్డకడ్డీ, మధ్యలో రెండు గాట్లు.

పూడ్చిన నేల మీద డంపర్లు, డోజర్లు తిరిగి తిరిగి అది సిమెంటులా బిగిసిపోతుంది. మొక్క వేరు జానెడు దిగి ఆగిపోతుంది. అందుకని డోజరు వెనక పెద్ద ఇనుప కొక్కేలు తగిలించి లోతుగా చీల్చాలి. చీల్చింది సరిపోయిందా లేదా అనేదానికి పరీక్ష ఈ చువ్వ. చేత్తో నొక్కితే మొదటి గాటు దాకా దిగితే పరవాలేదు. రెండో గాటు దాకా దిగితే పాసు. "చువ్వ దిగితె వేరు దిగుతది. వేరు దిగితె నువ్వు గెలిచినట్టే" అన్నాడు ఈశ్వరయ్య గారు.

బొగ్గు గనుల దగ్గర ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. జొన్న, కంది, మామిడి, టేకు అన్నీ చువ్వ దిగిన చోటల్లా వచ్చాయి. ల్యాబు రిపోర్టులు వచ్చేలోపు నేను చువ్వతో తేల్చేసేవాణ్ణి. కుర్ర ఇంజినీర్లు వెనక 'చువ్వ సారు' అనుకునేవాళ్ళు. వినీ విననట్టు ఊరుకున్నాను కానీ లోపల మురిసిపోయాను.

ఒక పనిముట్టు ఏళ్ళ తరబడి నిజం చెబితే, దానికి తెలియని సంగతి కూడా దాన్నే అడగడం మొదలుపెడతాం. నాకు జరిగింది అదే.

సైదమ్మ అడిగిన మాట

మఠంపల్లి వైపు క్వారీ చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే వరి పొలాలు. క్వారీ అంచున సైదమ్మది ఎకరన్నర, నాలుగు మడులు. ఆమెకు అప్పటికి యాభై దాటాయి. భర్తకు మోకాళ్ళ నొప్పులు, సేద్యమంతా ఆమె చేతి మీదే నడిచేది. భూమి అమ్మనంది, లీజుకిచ్చింది. ఒప్పందంలో ఒకే ఒక్క మాట పట్టుబట్టి రాయించింది: వరి పండే పొలంగా తిరిగి ఇవ్వాలి. రాయి తీసినన్నాళ్ళూ ఆమె పరాయి పొలాల్లో నాట్లకు వెళ్ళింది. జీపులో పోతూ నేనే చాలాసార్లు చూశాను. ఎప్పటికైనా తన మడిలో తాను నాటు వేసుకోవాలన్నది ఆమె ఎదురుచూపు.

ఆ పొలం నేను బాగా చేశాననే అనుకున్నాను. పై మట్టిని చిన్న చిన్న కుప్పలుగా కాపాడాను. గుంత పూడ్పించాను, మట్టి పరిపించాను, లోతుగా చీల్పించాను. మడుల చుట్టూ ఒడ్లు పెట్టించాను. హాలియా నుంచి పచ్చిరొట్టకు వేసే జీలుగ విత్తనం తెప్పించి చల్లితే ఛాతీ ఎత్తు పెరిగింది. డ్రోను ఎగరేసి ఫొటోలు తీశారు. సూర్యాపేట నుంచి వచ్చిన అధికారులు మెచ్చుకుని, నీడలో కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారు.

అప్పగించే రోజు సైదమ్మ పొలం చుట్టూ ఒక తిరుగు తిరిగింది. కాలి బొటనవేలితో మట్టి గెలికి చూసింది. నేను ఆమె ఎదుట, కొంచెం ప్రదర్శనగానే, చువ్వ దించాను. రెండో గాటు దాకా వెన్నలోకి దిగినట్టు దిగింది.

"నీళ్ళు వెట్టి సూసిన్రా సారూ?" అని అడిగింది.

కాలువ అప్పుడు బందు. "ఇంత పచ్చగ పెరిగింది గదమ్మా, ఇంకా నీళ్ళు పెట్టి చూసేదేముంది?" అన్నాను.

"గా చువ్వ గంత అల్కగ దిగవట్టె. నీళ్ళు దిగయా?"

నవ్వాను. పక్కనున్న ఇంజినీర్లు కూడా నవ్వారు. నేల గుల్లగా ఉంటే వేళ్ళకు గాలి ఎలా ఆడుతుందో ఆమెకు ఒక చిన్న పాఠం చెప్పి, భూమి సాగుకు యోగ్యంగా ఉందని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది. సంతకం కంటే ఆ నవ్వే ఎక్కువ బాధిస్తుంది.

పత్తి వేసుకోమన్నాను

వానాకాలం కాలువ వదిలిన మూడో రోజు సైదమ్మ ఫోను చేసింది. "సారూ, మడిల నీళ్ళు నిలుస్తలేవు."

"కొత్త మట్టి కదమ్మా, కొన్ని నీళ్ళు తాగుతుంది. రెండు రోజులు చూడు" అన్నాను.

రెండు రోజులు చూసి మళ్ళీ చేసింది. అప్పుడు వెళ్ళాను. తూము నుంచి నీళ్ళు పై మడిలోకి బాగానే వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే మాయమవుతున్నాయి. దిగువన క్వారీ గోడ దగ్గరికి పోయి చూస్తే, రాళ్ళ సందుల్లోంచి సన్నగా కారుతున్నాయి. సైదమ్మ ఒడ్డు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. "మడికి అడుగు లేదు సారూ. అడుగు లేని కుండల ఎన్ని పోస్తె ఏంది?" అంది.

ఇక్కడ ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆగి వినాలి. వరి మడిలో బురద కింద ఒక గట్టి పొర ఉంటుంది. తరాల తరబడి ఏటా నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసి, ఎడ్ల కాళ్ళూ మనుషుల కాళ్ళూ ట్రాక్టరు చక్రాలూ తొక్కగా తొక్కగా ఏర్పడిన పొర అది. నీళ్ళను నిలబెట్టేది అదే. సైదమ్మ అత్తమామలు, వాళ్ళ అత్తమామలు తొక్కి చేసిన అడుగు అది. మా లెక్కలో పై మట్టి ఒకటి, రాయి ఒకటి, ఆ రెండింటి మధ్య ఉన్నదంతా చెత్త. ఆ పొరను చెత్తతో కలిపి గుంతలో పోశాం. చాలదన్నట్టు, పైనంతా కొక్కేలతో చీల్చి, చిల్లు పడిందో లేదో చువ్వతో సరిచూశాను కూడా.

పుట్టింది మిర్యాలగూడలో. మా నాన్న బియ్యం మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాడు. ఊక వాసనలో పెరిగాను, మూడు పూటలా అన్నం తిన్నాను. మడిలో నీళ్ళెందుకు నిలుస్తాయని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.

క్వారీ మేనేజరు దగ్గరికి పోయాను. చెడ్డవాడు కాదు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. విషయం విని, "సంతకం అయ్యాక అది మన పొలం కాదు కదండీ. నీళ్ళు నిలవకపోతే పత్తి వేసుకోమనండి. మిరప వేసుకోమనండి. మీరు కూడా నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు" అన్నాడు. ఆఖరి మాట బెదిరింపు కాదు, నా మంచికే అన్నాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ మాట పట్టుకుని నేను సైదమ్మ దగ్గరికి వెళ్ళాను. పత్తి వేసుకుంటే ఎంత లాభమో చెప్పబోయాను. ఆమె ముగించనివ్వలేదు.

"పత్తే ఏసుకునేదైతె యాడనన్న నీళ్ళు పారని సెల్క కౌలుకు వట్టుకుందును. నేను మీకు మడి ఇచ్చిన. నాకు మడి ఇయ్యి."

నన్ను తన తమ్ముడి పొలం మూలకు తీసుకుపోయింది. అక్కడ నారు పోసుకుంది. చిక్కగా, చిలకపచ్చగా ఉంది. "ఇరవై దినాల నారు. ఇంకో పన్నెండు దినాలల్ల నాటు పడాలె. ముదిరితె పిలకలెయ్యది. గీ యేడు పోతె పోనీ అందువు నువ్వు. ఒక్క యేడు మడి పారకుంటె ఇగ గది సెల్కనే అని అందరు అంటరు. నువ్వూ అంటవ్."

"సంతకం అయిపోయిందమ్మా" అన్నాను, చచ్చు గొంతుతో.

"నువ్వు వెట్టిందే గద. వెట్టినోడు తీయలేడా?"

సంతకం వెనక్కి

కోదాడ గదిలో రెండు రోజులు ఆ మాట నన్ను తిన్నది. పెట్టినవాడు తీసేసిన సంతకం నా ఉద్యోగంలో నేను ఒక్కటీ చూడలేదు. తప్పును కప్పడానికి కొత్త రిపోర్టులు రాసినవాళ్ళను చూశాను. తప్పు కిందివాడి మీదికి తోసినవాళ్ళను చూశాను. ఈశ్వరయ్య గారైతే ఏం చేసేవాడని ఆలోచించాను. నన్ను ఆ మడి ఒడ్డు మీద కూర్చోబెట్టి క్యారియర్ తెప్పించేవాడు.

మూడో రోజు పొద్దున చేత్తోనే రాశాను. సైదమ్మ పొలానికి నేనిచ్చిన సర్టిఫికెట్ తప్పు, వరి పొలాన్ని నీళ్ళు పెట్టి పరీక్షించకుండానే సంతకం చేశాను, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అంతే. ఒక నకలు సూర్యాపేట ఆఫీసుకు పంపి, అసలు కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇన్నేళ్ళ సర్వీసుకు ఇదేనా ముగింపు?" అన్నాడు.

"తొక్కేశాను కదండీ. ఇక కడుక్కోక తప్పదు" అన్నాను.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. కానీ సర్టిఫికెట్ పోవడంతో పొలం బాధ్యత మళ్ళీ క్వారీదే అయింది, ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. మధ్యాహ్నానికల్లా పొక్లెయిన్ పంపించాడు. మీరు చేసిన తప్పును ఒప్పుకుంటే ఆకాశం విరిగి మీద పడదు. కొందరు మాట్లాడటం మానేస్తారు, ఒక యంత్రం కదులుతుంది.

గొర్రె కాలు

నారుకు మిగిలింది తొమ్మిది రోజులు. నాలుగు మడులూ చేయడం కుదరదని తెలుసు. అన్నిటికంటే చిన్నదాన్ని, క్వారీకి దూరంగా ఉన్న పై మడిని ఎంచుకున్నాం. పై మట్టి గీసి ఒడ్డు అవతల పెట్టించాను. పంచాయతీ అనుమతితో ఊరి చెరువు ఎండిన మూల నుంచి పూడిక మట్టి తెప్పించాను. జిగట మట్టి, ముద్ద చేస్తే గోళీ అవుతుంది. దాన్ని పరిచి, తడిపి, డోజరుతో తొక్కించాను. మర్నాడు నీళ్ళు పెట్టాం. సాయంత్రం జానెడు పెడితే తెల్లారేసరికి బెత్తెడే మిగిలింది. మూడు రోజులు అక్కడే పోయాయి.

గట్లు గట్టిపరిచే ప్రత్యేకమైన రోలరు ఒకటుంటుంది. క్వారీ వాళ్ళది వేరే సైటులో ఉంది, రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. నేను ఒడ్డు మీద తల పట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడు మల్లయ్య. కురుమ మల్లయ్య మంద పూర్వం ఏటా కోతలయ్యాక సైదమ్మ పొలంలోనే పడుకునేది. గొర్రెలను రాత్రిళ్ళు పొలంలో ఆపితే వాటి ఎరువు నేలకు దక్కుతుంది. ఈ ప్రాంతంలో పాత అలవాటు అది. పొలం క్వారీలోకి పోయాక ఆయన మంద గుట్టల వైపు మళ్ళింది. సైదమ్మే కబురు పెట్టింది. ఆయన మోపెడ్ దిగి, డోజరు తొక్కిన నేలను మడమతో రెండు పోట్లు పొడిచాడు. పైన గట్టి, కింద మెత్తన.

"గిది పైపైన తొక్కింది సారు. డోజరుది ఏనుగు కాలు. బరువంత ఎడల్పుగ పడ్తది. గొర్రె కాలు సన్నం. ఉన్న బరువంత ఒక్క కాడ దిగుతది. మంద తోలమంటవా అక్కా?" అన్నాడు, నన్ను కాదు, సైదమ్మను.

"ఎరువుకా?" అన్నాను తెలివితక్కువగా.

"ఎరువు గాదు సారు, కాళ్ళకు."

నేను రెండు వారాలు ఎదురుచూడాల్సిన ఆ రోలరు చుట్టూ ఇనుప బొడిపెలుంటాయి. దాని పేరే గొర్రె కాళ్ళ రోలరు. కాలేజీలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. గొర్రెకు నిజంగానే కాళ్ళుంటాయని ఎవరో వచ్చి చెబితే గానీ తట్టలేదు.

మర్నాడు పొద్దున మంద వచ్చింది. రెండు వందల పైచిలుకు. మట్టిని జానెడు మందం పరచడం, ముద్ద చేస్తే విరగకుండా, చేతికి అంటకుండా ఉండేంత తడపడం నా పని. మందను తిప్పడం వాళ్ళ పని. చెప్పినంత సులువు కాదు. ముందున్న గంట పొట్టేలు మడి మధ్యలో ఆగి ఆలోచనలో పడితే మందంతా ఆగి ఆలోచిస్తుంది. సైదమ్మ ఒక మూల సుబాబుల్ కొమ్మ చూపిస్తుంది, మల్లయ్య వెనక నుంచి నాలుక మడిచి అదిలిస్తాడు, మంద కదులుతుంది. నేను కూడా ప్యాంటు మడిచి దిగాను. ఒక పొట్టేలు నా మోకాలి వెనక పొడిస్తే మట్టిలో కూర్చుండిపోయాను. మల్లయ్య మర్యాదకు అటు తిరిగి నవ్వాడు. సైదమ్మ ఇటే తిరిగి నవ్వింది. సర్టిఫికెట్ రోజు నేను నవ్విన నవ్వుకు అది సరిపోయిందనుకున్నాను.

ఒక పొర తొక్కాక ఇంకో పొర. మూడు పొరలకు రెండు రోజులు పట్టింది. అయిపోయాక అలవాటు కొద్దీ చువ్వ తీసి, బలమంతా పెట్టి నొక్కాను. వేలెడు దిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఊహూ. చువ్వ దిగనందుకు నా జీవితంలో సంతోషపడ్డది ఆ ఒక్కసారే.

"ఇగ గది నాకియ్యి సారు. మంద చుట్టు వల కట్టనీకె గూటం తక్కువైంది" అన్నాడు మల్లయ్య. ఇచ్చేశాను. దామరచర్ల అమ్మాయి చువ్వ కూడా చూపించమంది. అది ఇప్పుడు ఏ పొలంలో గొర్రెల వలకు గూటంగా ఉందో నాకు తెలియదు.

పై మట్టిని పొక్లెయిన్ ఒడ్డు అవతలే నిలబడి మడిలోకి జారవిడిచింది. లోపల చక్రం పెట్టనివ్వలేదు. బురదలో తిరిగే ఇనుప కేజీ వీల్స్ ట్రాక్టరు మాత్రం మూడుసార్లు దమ్ము చేసింది. నారుకు ఇంకొక్క రోజే మిగిలింది.

కాగితం మీద ఒక మాట

ఆ సాయంత్రం మడి నింపాం. సైదమ్మ వేపపుల్ల విరిచి, కొడవలితో గాటు పెట్టి, నీళ్ళ మట్టానికి సరిగ్గా గాటు ఉండేలా మడిలో గుచ్చింది. నాది రెండు గాట్ల ఇనుప చువ్వ, ఆమెది ఒక్క గాటు వేపపుల్ల. నేను కోదాడ వెళ్ళి పడుకున్నాను కానీ నిద్రపోయానని చెప్పను.

పొద్దున్నే వెళ్ళేసరికి ఆమె అప్పటికే మడిలో వంగి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. నీళ్ళు గాటు కిందికి వేలి మందం దిగాయి. అంతే. మిగతా మడంతా నిండుగా, కదలకుండా ఉంది.

"గింత దిగింది" అన్నాను భయంగా.

"నేల తాగింది సారూ. తాగాలె గద. అదీ బతకాలె" అంది సైదమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటా, ఇంకొకటా అని నేను చూడలేదు. నా మొహం మీద ఉన్నది మాత్రం చెమట కాదు.

నారు కట్టలు వచ్చాయి. ఆమె, ఆమె చెల్లెలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మడిలో దిగారు. ఉత్సాహం ఆగక నేను కూడా దిగి ఒక వరస నాటాను. సైదమ్మ వెనకే వచ్చి నా వరసంతా పీకి మళ్ళీ నాటింది. "నువ్వు సంతకం వెట్టుకో సారూ. నాటు మేమేస్తం" అంది.

అందరూ నవ్వారు. సర్టిఫికెట్ ఫారం జీపులో ఉంది. తెచ్చి ఒడ్డు మీద కూర్చున్నాను. అందులో మట్టి లోతుకు గడి ఉంది, వాలుకు గడి ఉంది, పచ్చదనానికి ఉంది. నీళ్ళకు లేదు. అడుగున ఖాళీలో చేత్తో రాశాను. తర్వాత ఆమెను పిలిచి, ముందు నువ్వు పెట్టు, తర్వాత నేను పెడతానన్నాను.

బురద చేతులు మడి నీళ్ళలోనే కడుక్కుని వచ్చింది. "ఏం రాసినవో సదువు" అంది.

చదివాను. "పై మడిలో నీళ్ళు పెట్టి చూశాం. నీళ్ళు నిలిచాయి."

తల అడ్డంగా ఊపింది. "గట్ల రాయకు. ఇయ్యాల నిలిచినయ్ అని రాయి. వచ్చే యేడు సంగతి వచ్చే యేడు సూద్దాం."

'నీళ్ళు నిలిచాయి' ముందు 'ఈ రోజు' అని ఇరికించి రాశాను. ఆమె సంతకం పెట్టింది. దాని కింద నేను పెట్టాను.

తర్వాత రోలరు వచ్చి మిగతా మడులు తొక్కింది. రెండింట్లో నీళ్ళు నిలబడ్డాయి. క్వారీ వైపు మడి ఇంకా కారుతూనే ఉంది. దానికి ఎవరమూ సంతకం పెట్టలేదు. ఆమె అందులో కంది వేసి, నేను కనిపించినప్పుడల్లా ఆ మడి గురించి అడుగుతుంది. రిటైరయ్యానని చెబితే వినదు.

కాలువ వదిలిన వారానికి ఏటా నాకు మిర్యాలగూడకు ఫోను వస్తుంది. "నీళ్ళు వెట్టినం సారూ. వొచ్చి సూడు." బస్సెక్కి వెళ్ళి, వేపపుల్ల చూసి, ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని వస్తాను.